నరములోనికి ఇచ్చు మత్తుమందు: పిల్లి గుండెపైన, రక్తప్రసరణముపైన దాని ప్రభావము

ధాన్యము గాదెకు చేరినంత మాత్రమున అది పూర్తిగా రైతు సొత్తు కాదు. ఎలుకల వాటా పోగా మిగిలినదే రైతుది. అందుచేతనే మన పెద్దలు గాదెయున్న ఇంట పిల్లిని పోషించిరి. ఎరలు, బోనులు, పొగమందులు ఎన్ని వచ్చినను, రాత్రివేళ గాదె చుట్టు తిరుగు పిల్లికి తగిన విలువ నేటికిని ఉన్నది. అట్టి పిల్లికి కాలు విరిగినను, చీము గడ్డ లేచినను, ఏడాదికి రెండు మూడు ఈతలు మాన్పించుటకు ఆపరేషను చేయింపదలచినను దానిని పశువైద్యశాలకు తీసికొని పోవుచున్నాము. అక్కడ మత్తు ఇయ్యనిదే పని జరుగదు.

ఈ వ్యాసకర్త పైరుల శాస్త్రము బోధించువాడే కాని పశువైద్యుడు కాడు. అయినను ధాన్యము నిలువను గూర్చి రైతులతో మాట్లాడునప్పుడు పిల్లి ప్రసక్తి వచ్చుచునే యుండును. “ఆపరేషను బాగుగనే జరిగినదట, ఇంటికి తెచ్చిన తరువాత పిల్లి చనిపోయినది. ఏల?” అను ప్రశ్నయు వచ్చును. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము. మత్తు ఇచ్చు విధమును నేర్పుట దీని ఉద్దేశము కాదు. కావుననే మందుల మోతాదులు ఇందు వ్రాయబడలేదు. మత్తు ఇచ్చుట పశువైద్యుని పని. కాని దానికి ముందును, తరువాతను రైతు చేతిలో నున్న పనులు కొన్ని కలవు. పిల్లి ప్రాణము చాలవరకు వానిపైననే ఆధారపడి యుండును.

గుండె మోటారు, రక్తనాళములు కాలువలు

నీటి పారుదల తెలిసిన రైతుకు రక్తప్రసరణము తెలియుట కష్టము కాదు. గుండె మోటారు వంటిది. పెద్ద నాళములు కాలువలు. చిన్న నాళములు బోదెలు. మెదడు, మూత్రపిండములు, కాలేయము, గుండె కండరము ఆ నీరు తాగు మళ్లు. మోటారు ఎంత నీరు తోడుచున్నది, కాలువ ఎంత వెడల్పుగా నున్నది అను రెండు సంగతులను బట్టి కాలువలో నీటి మట్టము ఉండును. శరీరములో ఈ మట్టమునే రక్తపు పోటు, అనగా బి.పి. అందుము.

కాలువ గట్లు కోసి రెండింతలు వెడల్పు చేసి, మోటారు మాత్రము పాతదే యుంచినచో ఏమగును? మట్టము పడిపోవును. ఎగువ మళ్లకు కొంత నీరు అందినను చివరి మడికి చుక్క అందదు. కొన్ని మత్తుమందులు చేయు పని ఇదియే. అవి రక్తనాళములను వదులు చేయును.

ఇంకొక విధము చూడుడు. తూము తలుపును సగము దించినచో, తూమునకు ఎగువన నీరు నిండుగా కనిపించును. మట్టము చూచినవాడు నీటికి కొదువ లేదనుకొనును. దిగువన పారకము మాత్రము తగ్గిపోయి యుండును. మరికొన్ని మందులు ఇట్లు నాళములను బిగించును. అప్పుడు బి.పి. అంకె బాగుగనే యుండును గాని అవయవములకు చేరు రక్తము తగ్గును. మట్టము వేరు, పారకము వేరు. ఈ భేదము గుర్తుంచుకొన్నచో దిగువ వ్రాసినదంతయు సులభముగా బోధపడును.

ఇక పిల్లి శరీరములో నున్న రక్తమెంత? కిలో బరువునకు సుమారు 55 నుండి 60 మిల్లీలీటర్లు. మూడు కిలోల పిల్లికి అది 165 నుండి 180 మిల్లీలీటర్లు మాత్రమే. ఒక చిన్న గ్లాసుడు. నాలుగు వందల కిలోల ఎద్దులో ఇరువది లీటర్లకు పైగా రక్తముండును. ఎద్దుకు నాలుగు చెంచాల రక్తము పోయినచో లెక్కలోనిది కాదు. పిల్లికి అదియే మొత్తము రక్తములో పదవ వంతుకు మించును. ఈ కొద్ది రక్తమును పిల్లి గుండె నిముషమునకు 140 నుండి 220 సార్లు కొట్టుకొని త్రిప్పుచుండును. చిన్న మోటారు, కొద్ది నీరు, వడి ఎక్కువ. పొరపాటునకు చోటు తక్కువ.

నరమున ఇచ్చిన మందు ఎట్లు పోవును?

మనము వాడుకలో నరమనునది నిజమునకు సిర. రక్తమును తిరిగి గుండెకు చేర్చు నాళము. పిల్లికి సాధారణముగా ముందుకాలి మీది సిరలో సన్నని గొట్టము పెట్టి మందు ఎక్కింతురు. కండలో పొడిచిన మందు మెల్లగా రక్తములో కలియును. సిరలోనికి ఇచ్చినది మాత్రము నేరుగా గుండెకు, అచ్చటినుండి ఊపిరితిత్తులకు, మరల గుండెకు, పిదప మెదడునకు పోవును. కొద్ది సెకండ్లలో పిల్లి తల వాల్చును.

ఇందు మేలు, కీడు రెండును కలవు. మేలేమనగా, వైద్యుడు కొంచెము కొంచెముగా ఇచ్చుచు, చాలినంత మత్తు కలుగగానే ఆపవచ్చును. కీడేమనగా, మందు మెదడును చేరుటకు ముందే గుండె గుండా పోవును. ఒక్కసారిగా త్రోసినచో చిక్కని మందు మొదట తాకునది గుండె కండరమునే. కావున మంచి వైద్యుని చేయి సూదిపై తొందరపడదు.

ముసలితనము వలనగాని, జబ్బు వలనగాని గుండె బలహీనమైనచో మందు మెదడును చేరుటకు ఎక్కువ సేపు పట్టును. అప్పుడు మందు చాలలేదని తలచి ఇంకొంత ఇచ్చినచో, ముందు ఇచ్చినదియు తరువాత ఇచ్చినదియు కలిసి ఒకేసారి పనిచేయును. బలహీనపు గుండెకే ఎక్కువ మందు పడినట్లగును. “ఇంకా పడుకోలేదేమి, ఇంకొంచెము ఇయ్యండి” అని ప్రక్కనున్న యజమాని వైద్యుని తొందరపెట్టుట తగదు.

మందులు పలు తీరులు

థయోపెంటోన్: ఇది పాత మందు. 1934లో అమెరికాలో మనుష్యులకు తొలుత వాడబడినది. గుండె కండరపు పట్టును తగ్గించును, సిరలను వదులు చేయును. బి.పి. పడుటచే గుండె వేగము పెంచి ఆ లోటు పూడ్చుకొన జూచును. ఒక్కొక్కప్పుడు కొట్టుకొనుటలో లయ తప్పును. ఈ మందు మెదడును విడిచి కండలకు, క్రొవ్వునకు చేరుట చేత మెలకువ వచ్చును. బక్కచిక్కిన పిల్లిలో కండయు క్రొవ్వును తక్కువ కనుక మెలకువ ఆలస్యమగును. సిర బయట పడినచో అచ్చటి కండ మాడి పుండగును.

ప్రొపోఫాల్: పాలవలె తెల్లగా నుండు మందు. నాళములను బాగుగా వదులు చేయును. గుండె పట్టును కొంత తగ్గించును. బి.పి. పడినను గుండె వేగము పెరిగి ఆ లోటు పూడ్చుట ఇందు అంతగా జరుగదు. వడిగా ఇచ్చినచో ఊపిరి కొంతసేపు ఆగును. గట్లు కోసిన కాలువ ఉపమానము దీనికి సరిగా వర్తించును. ఈ మందును విరిచి పారవేయు శక్తి పిల్లి కాలేయమునకు కుక్క కాలేయమునకున్నంత లేదు. వరుసగా కొన్ని దినములు ఇచ్చినచో పిల్లి ఎర్ర రక్తకణములు చెడుటయు కలదు.

కెటమిన్: ఇది 1962లో అమెరికాలో తయారైనది. తక్కిన వానికి దీని నడత భిన్నము. ఇది శరీరములోని ఉద్రేకపు నరములను రేపి, గుండె వేగమును, బి.పి.ని, పారకమును పెంచును. అందుచే బలహీనులకు మంచిదని పేరు వచ్చినది. కాని ఇందులో ఒక మర్మము కలదు. నేరుగా గుండె కండరముపై ఈ మందు చేయు పని దాని పట్టును తగ్గించుటయే. ఉద్రేకపు నరముల బలము ఆ లోపమును కప్పి యుంచును. చాలనాళ్లు జబ్బుపడి ఆ బలము ఖర్చయిపోయిన పిల్లిలో ఆ లోపము బయటపడి గుండె కుంగును. బక్క ఎద్దును ముల్లుగర్రతో పొడిచి పరుగెత్తించినచో కొంత దూరము పరుగెత్తును. సత్తువ అయిపోయిన దానిని ఎంత పొడిచినను కూలబడునే కాని కదలదు. ఈ మందుతో కన్నులు మూతపడవు. కావున కంటికి మలాము వేయుదురు. కండలు బిగిసికొనకుండుటకు డయాజిపాము వంటి మందును కలిపి ఇత్తురు.

ఆల్ఫాక్సలోన్: 1970 దశకములో బ్రిటనులో పిల్లులకు విరివిగా వాడిన మందు. అప్పటి మందును కరగించుటకు కలిపిన నూనె వంటి పదార్థము వలన పిల్లుల చెవులు, పాదములు వాచెడివి. ఆ పదార్థము లేకుండ నేడు వచ్చుచున్నది. తగు మోతాదులో మెల్లగా ఇచ్చినచో గుండెపై దీని భారము ఎక్కువ కాదు. మోతాదు పెరిగిన కొలది బి.పి. పడును.

జైలజిన్, డెక్స్‌మెడిటొమిడిన్: ఇవి పూర్తి మత్తు ఇచ్చునవి కావు, శాంతపరచునవి. పై మందులకు ముందుగాని, వానితో కలిపిగాని ఇత్తురు. తూము తలుపు దించు మందులు ఇవియే. నాళములు బిగియును, బి.పి. మొదట పెరుగును. గుండె వేగము బాగుగా తగ్గును. నిముషమునకు గుండె తోడు రక్తము సగము వరకు తగ్గవచ్చును. చిగుళ్లు పాలిపోయినట్లుండును. బలమైన గుండె దీనిని తట్టుకొనును. తరువాత ఈ మందులకు విరుగుడు కూడ కలదు. జబ్బు గుండెకు మాత్రము ఇది భారము.

ఇన్ని చెప్పుటలో భావము ఒక్కటే. గుండెపై ఏ పనియు చేయని మత్తుమందు లేదు. ఏ పిల్లికి ఏ మందు తగునో నిర్ణయించుటకు వైద్యునకు కావలసినది ఆ పిల్లి చరిత్ర. దానిని చెప్పగలవారు మీరే.

హైదరాబాదులో జరిగిన పరీక్షలు

మత్తులో నున్న ప్రాణి చనిపోవునప్పుడు ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? ఈ వివాదము ఒకప్పుడు మన హైదరాబాదులోనే పెద్దయెత్తున విచారింపబడినది. ఆ రోజులలో సిరలోనికి మత్తు ఇచ్చు పద్ధతి వ్యాప్తిలో లేదు. క్లోరోఫారమును పీల్పించెడివారు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ 1888లో ఒక సంఘమును, 1889లో రెండవ సంఘమును ఏర్పరచి, కుక్కలు మొదలగు జంతువులపై వందల కొలది పరీక్షలు జరిపించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయము చేసెను. లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చి రెండవ సంఘములో పాల్గొనెను. ఊపిరియే ముందు ఆగును. గుండె తరువాత ఆగును. కావున మత్తు ఇచ్చువాడు ఊపిరిని కనిపెట్టిన చాలును, నాడితో పనిలేదు అని లారీ వాదించెను.

ఊపిరిని కనిపెట్టవలెనన్న మాట నిజమే. నాడితో పనిలేదన్న మాట నిలువలేదు. ఆ మాటను తప్పని చూపినవి పిల్లులు. 1911లో లండనులో గుడ్మన్ లెవీ అను వైద్యుడు పిల్లులకు క్లోరోఫారమును పలుచగా ఇచ్చి, సిరలోనికి కొద్దిగా అడ్రినలిను ఎక్కించెను. గుండె కొట్టుకొనుట మాని వట్టిగా వణకసాగెను. రక్తము కదలలేదు. ఊపిరి ఇంకను ఆడుచుండగనే గుండె పని ముగిసినది. అడ్రినలిను బయటినుండి ఇచ్చినదే కానక్కరలేదు. బెదరిన ప్రాణి శరీరములో అది తనంతట తానే పుట్టును.

నేడు క్లోరోఫారము వాడుట లేదు. ఈ పాఠము మాత్రము మిగిలినది. బెదరిన పిల్లి గుండె మత్తునకు ముందే సగము పరుగు తీసి యుండును. దానిని శాంతముగా తెచ్చుట యజమాని చేయగల మొదటి వైద్యము.

పిల్లులలో దాగియుండు గుండెజబ్బు

పైకి ఆరోగ్యముగా కనిపించు పిల్లులలో నూటికి సుమారు 15 గుండె కండరము దళసరియగు జబ్బు కలవని పరిశోధనలు తెలిపినవి. గోడ దళసరియైనకొలది లోపలి చోటు తగ్గును. రక్తము నిండుట కష్టమగును. ఇట్టి గుండె వేగముగా కొట్టుకొన్నచో నిండుటకు వ్యవధి చాలదు. ఎలుకను పట్టునప్పుడు చురుకుగనే యుండును గాని మత్తులో అకస్మాత్తుగా దెబ్బతినును. స్టెతస్కోపుతో విన్నప్పుడు కొన్నిటిలో అదనపు శబ్దము వినిపించును, కొన్నిటిలో వినిపింపదు. కావున ఆయాసము, నోరు తెరచి ఊపిరి తీయుట, వెనుకకాళ్లు హఠాత్తుగా పడిపోవుట ఎన్నడైన చూచియున్నచో తప్పక చెప్పుడు.

వైద్యశాలకు పోవుటకు ముందు

మొదటిది పస్తు. కడుపులో మేత యున్నచో మత్తులో కక్కి, అది ఊపిరిగొట్టములో పడి చనిపోవును. జైలజిన్ వంటి మందులకు పిల్లులు తరచు కక్కును. ఎన్ని గంటలు పస్తుంచవలెనో వైద్యుని అడిగి అట్లే చేయుడు. కూనలను ఎక్కువసేపు పస్తుంచరాదు. రక్తములోని చక్కెర తగ్గి నీరసించును. నీరు ఎప్పటివరకు పెట్టవచ్చునో కూడ అడుగుడు.

ఇక్కడ రైతు ఇంటి పిల్లికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మీరు గిన్నె తీసివేసినంత మాత్రమున అది పస్తున్నట్లు కాదు. తెల్లవారుజామున గాదె క్రింద ఎలుకను పట్టి తినియుండవచ్చును. కావున ముందురాత్రి దానిని ఒక గదిలోగాని గంపక్రిందగాని మూసి యుంచవలెను.

రెండవది ఎలుకమందు. ఇది పైరుల శాస్త్రము వారు గట్టిగా చెప్పవలసిన మాట. బ్రోమాడయోలోన్ ఎరలు రక్తమును గడ్డకట్టనీయవు. ఎలుకలు చచ్చుట ఆ విధముననే. ఆ ఎలుకను తిన్న పిల్లి కొన్ని దినములు ఏమియు కానట్లే తిరుగవచ్చును. అట్టి పిల్లికి ఆపరేషను చేసినచో కోత నుండి కారు రక్తము ఆగదు. గ్లాసుడు రక్తములో నాలుగు చెంచాలు పోవుటకు ఎంతసేపు? అప్పటికే మత్తుమందు వలన నాళములు వదులై యుండును. మీ గాదెలోగాని, పొలములోగాని, పొరుగువారి పొలములోగాని ఇటీవల ఎరలు పెట్టియున్నచో ఆ సంగతి వైద్యునకు ముందుగా చెప్పుడు. అత్యవసరము కాని ఆపరేషనును వారు వాయిదా వేయుదురు. విటమిను కె1 అను విరుగుడు ఇత్తురు.

మూడవది పురుగుమందు. పేలు, గోమార్లు పోవునని పొలములో చల్లు భాస్వరపు పురుగుమందులను పిల్లి ఒంటికి పూయు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. అది విషము. ఆ మందులు గుండె వేగమును తగ్గించును, చొంగ కార్పించును, ఊపిరిని అడ్డగించును. దానిపై మత్తు కూడ చేరినచో ప్రాణాపాయము. పూసియున్నచో సిగ్గుపడక చెప్పుడు.

నాలుగవది తీసికొనిపోవు విధము. గోనెసంచిలో బిగించి సైకిలుకు వ్రేలాడగట్టి తెచ్చిన పిల్లి బెదరి, ఒగర్చుచు వైద్యుని యొద్దకు చేరును. గాలి ఆడు బుట్టలో పాతగుడ్డ పరచి, పైన గుడ్డ కప్పి, నీడను తెండు. కుక్కలకు దూరముగా కూర్చుండుడు. పిల్లి నెమ్మదించిన పిదపనే మత్తు ఇయ్యవలెను. అందుకు వైద్యుడు కొంతసేపు ఆగుమనినచో విసుగుకొనకుడు.

ఇంటికి తెచ్చిన తరువాత

బ్రిటనులో 2002 నుండి 2004 వరకు వందకు పైగా పశువైద్యశాలలలో మత్తు మరణములను లెక్కించిరి. ఆరోగ్యముగా నున్న పిల్లులలో సుమారు 900కు ఒకటి చనిపోయినది. జబ్బుతో నున్న వానిలో సుమారు 70కి ఒకటి. చనిపోయిన పిల్లులలో సగమునకు పైగా ఆపరేషను బల్లపై చనిపోలేదు. ఆపరేషను ముగిసిన తరువాత చనిపోయినవి. వానిలో ఎక్కువ మొదటి మూడు గంటలలోపుననే పోయినవి. నాడిని కనిపెట్టి చూచిన పిల్లులలో మరణములు తక్కువగా నున్నవి. నాడితో పనిలేదన్న పాతమాటకు ఇంతకంటె సమాధానము వేరొకటి అక్కరలేదు.

“ఇంటికి తెచ్చిన తరువాత ఏల చనిపోయినది?” అను ప్రశ్నకు కారణము ఇక్కడనే యున్నది. సూది తీసివేసినంత మాత్రమున మందు ఒంటినుండి పోదు. గుండె ఇంకను నెమ్మదిగనే యుండును, నాళములు ఇంకను వదులుగనే యుండును, ఒళ్లు చల్లబడియుండును. ఇదివరకు కనిపెట్టుచుండిన మనిషి మాత్రము ప్రక్కన నుండడు. కావున మొదటి మూడు గంటలు పిల్లిని వైద్యశాలలోనే యుంచుట మేలు. తప్పక ఇంటికి తేవలసి వచ్చినచో ఒకరు ప్రక్కన కూర్చుండి ఈ దిగువ పనులు చేయవలెను.

నాడి: పిల్లి తొడ లోపలివైపు, పైభాగమున, రెండు వ్రేళ్ల కొనలు మెల్లగా ఆనించినచో నాడి తగులును. పదునైదు సెకండ్లు లెక్కించి నాలుగుచే హెచ్చింపవలెను. ఈ పనిని పిల్లి ఆరోగ్యముగా నున్నప్పుడే నేర్చుకొనుడు. ఇచ్చిన మందును బట్టి నాడి ఎంత యుండవచ్చునో, ఎంతకు తగ్గినచో తిరిగి రావలెనో వైద్యుని అడిగి కాగితముపై వ్రాసికొనుడు. నాడి నీరసించి వ్రేలికి అందకపోవుట ప్రమాద సూచన.

చిగుళ్లు: పై పెదవి ఎత్తి చూడుడు. లేత గులాబిరంగు ఉండవలెను. వ్రేలితో నొక్కి వదలినచో రెండు సెకండ్లలోపున రంగు తిరిగి రావలెను. తెల్లగాగాని నీలముగాగాని యున్నచో ఆలస్యము చేయరాదు.

ఊపిరి: ప్రక్కటెముకలు ఎగసి పడుట చూచుచుండుడు. మెడ చాచి, నాలుక కొద్దిగా ముందుకు లాగి పడుకొనబెట్టుడు. పూర్తిగా లేచి తల నిలుపు వరకు పాలుగాని నీరుగాని నోట పోయరాదు. ప్రేమతో పోసిన పాలు ఊపిరిగొట్టములోనికే పోవును.

వెచ్చదనము: చిన్న ఒళ్లు వడిగా చల్లబడును. చల్లబడిన గుండె నెమ్మదించును. మందు విరుగుటయు ఆలస్యమగును. గచ్చుపై పడుకొనబెట్టక గోనెపట్టాపై పాత దుప్పటి పరచి యుంచుడు. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవచ్చును. నిప్పుల కుంపటి దగ్గర పెట్టరాదు. మత్తులో నున్న పిల్లి కాలినను జరుగలేదు.

నొప్పి మందు: మనుష్యుల జ్వరపు మాత్రయగు పారాసిటమాలును పిల్లికి ఎన్నడును ఇయ్యకుడు. దానిని విరుచు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. రక్తము ప్రాణవాయువును మోయలేనిదగును; ఒక్క మాత్రతోనే పిల్లి చావవచ్చును.

ఎద్దులు, గేదెల విషయము

ఇంతవరకు చెప్పిన రక్తప్రసరణ సూత్రములు పాడి పశువులకును వర్తించును. భేదములు మాత్రము కొన్ని కలవు. జైలజిన్‌కు ఆవు జాతి పశువులు గుఱ్ఱములకంటె సుమారు పదిరెట్లు త్వరగా లొంగును. గుఱ్ఱమునకు చాలు మోతాదు ఆవుకు ప్రమాదము. చూలు నిండిన పశువులో ఆ మందు గర్భాశయమును బిగియజేయును గనుక చూలు సంగతి తప్పక చెప్పవలెను. పెద్ద పశువు వెల్లకిల పడినచో బరువైన పొట్ట పెద్ద సిరను నొక్కి గుండెకు తిరిగి చేరు రక్తమును తగ్గించును; పొట్ట ఉబ్బి ఊపిరికిని అడ్డగును. కావుననే చాల ఆపరేషనులను వైద్యులు పశువును నిలువబెట్టి, చోటు మాత్రము మొద్దుబారునట్లు సూది వేసి చేయుదురు. పడవేయవలసి వచ్చిన పశువును, మత్తు దిగునప్పుడు, రొమ్ముపై కూర్చుండునట్లు ఆనుపెట్టి యుంచవలెను. మేత ఎప్పటినుండి ఆపవలెనో వైద్యుడు చెప్పిన ప్రకారము చేయవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. సిరలోనికి ఇచ్చు ప్రతి మత్తుమందును గుండెపైన, నాళములపైన పనిచేయును. మెల్లగా ఇచ్చుటలోనే క్షేమము గలదు.

2. బి.పి. బాగున్నంత మాత్రమున పారకము బాగున్నదని కాదు. నాడియు, చిగుళ్ల రంగును కలిపి చూడవలెను.

3. ముందురాత్రి పిల్లిని మూసి యుంచవలెను. ఎలుకమందు, పురుగుమందు, ఆయాసము, చూలు, వయస్సు వైద్యునకు దాచక చెప్పవలెను.

4. పిల్లిని బెదరింపక తీసికొనిపోవలెను.

5. ఆపరేషను తరువాత మూడు గంటలు ఒకరు ప్రక్కన నుండవలెను. నాడి, చిగుళ్లు, ఊపిరి, వెచ్చదనము చూచుచుండవలెను.

6. పూర్తిగా మెలకువ రానిదే నోట ఏమియు పోయరాదు. మనుష్యుల మాత్రలు ఇయ్యరాదు.

పైరుకు తడి అందినదో లేదో తెలిసికొనుటకు రైతు మోటారు శబ్దము వినుటతో ఊరకొనడు. గట్టు వెంట నడచి, చివరి మడిలో కాలు పెట్టి చూచును. మత్తులో నున్న పిల్లి విషయమునను అంతే. మందు ఎక్కించుట వైద్యుని వంతు. తొడపై రెండు వ్రేళ్లు ఆనించి మూడు గంటలు కూర్చుండుట మీ వంతు.